పడుగంత పరుగు

ఈ వేసవి మొదట్లో ఒకనాడు ఆదోనిలో డాక్టరుగారి బల్ల మీద కాళ్ళు చాపుకుని పడుకుని, గోడకు తగిలించిన గుండెకాయ బొమ్మను చూస్తూ, ఎవరు వేశారో గానీ ఎరుపూ నీలమూ చీర అంచులా బాగా కుదిరాయే అనుకుంటూ, ఆయన సూది ఎప్పుడు గుచ్చుతారా అని కాచుకుని ఉన్నాను. సూదంటే నాకు చిన్నప్పటి నుంచీ హడలు. బళ్ళోకి టీకాలవాళ్ళు వచ్చారంటే కిటికీలోంచి దూకి పారిపోయినవాణ్ణి, అలా దూకిన ఒకరోజు మళ్ళీ లోపలికి వెళ్ళడం ఎందుకులే అని చదువుకే నమస్కారం పెట్టినవాణ్ణి. ఎడమ పాదం అప్పటికే అయిపోయింది, గుచ్చిన ప్రతిసారీ నేను అరిచిన అరుపులకు బయట వరండాలో కూర్చున్న రోగులు సగం మంది లేచి వెళ్ళిపోయి ఉంటారు. ఇక కుడి పాదం. ఎంతసేపటికీ ఆయన మొదలుపెట్టకపోయేసరికి, భయం బయటపడకుండా కాస్త వెటకారంగా, "తొందరగా పొడిచేయండి సార్, ఎమ్మిగనూరు బస్సు పోతాది" అన్నాను.

ఆయన నవ్వలేదు. "పొడిచినా పెద్దాయనా. చిటికెన వేలు మీద మూడు మాట్లు పొడిచినా" అన్నారు.

పెళ్ళిపీటల మీద పురోహితుడికే ఎదురు జోకులు వేసినవాణ్ణి, లేచి కూర్చుని నా కాలివేలును పరాయివాడి వేలులా చూస్తూ ఉండిపోయాను. ఆయన నేను చూస్తుండగా మళ్ళీ గుచ్చారు. సూది మొన తోలు లోపలికి దిగడం కంటికి కనపడుతోంది, కాలికి మాత్రం ఏమీ తెలియడం లేదు. తక్కిన వేళ్ళనూ గుచ్చి చూసి, వాటికి ఇంకా ఎరుక ఉందనీ, చక్కెర జబ్బు అదుపులో పెట్టుకుంటే ఇక్కడితో ఆగవచ్చుననీ, మందులతోపాటు రోజూ పొద్దున్నే గట్టిగా నడవాలనీ, ఊపిరి కుదిరాక మెల్లగా పరుగు కూడా పెట్టవచ్చుననీ, ఒట్టికాళ్ళతో మాత్రం గడప దాటకూడదనీ చెప్పారు. అవన్నీ ఒక చెవిలో పడుతున్నాయి గానీ, నా మనసు అప్పటికే మా అన్న కాలి దగ్గరికి వెళ్ళిపోయింది.

మా అన్న నాకంటే నాలుగేళ్ళు పెద్ద, ఎమ్మిగనూరులో మా ఇంటి పక్క ఇల్లే. ఆయనకూ ఈ చక్కెర జబ్బే. కొన్నేళ్ళ కిందట శ్రావణంలో అందరితోపాటు నడిచి ఉరుకుంద ఈరన్న తిరునాళ్ళకు వెళ్ళివచ్చాడు. సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పితే, ఒక చెప్పులోంచి మేకు పైకి పొడుచుకు వచ్చి ఉంది. అది దారి పొడవునా అరికాలిలో దిగుతూనే ఉన్నా ఆయనకు తెలియలేదు. గడప మీద నెత్తుటి అడుగు చూసి మా వదిన కేక పెడితే, ఆ నెత్తురు ఎవరిదని చుట్టూ వెతికింది కూడా ఆయనే. పుండు మానలేదు. చివరికి మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. కనుక మూడు మాట్లు పొడిచినా తెలియలేదంటే ఆ దారి ఎక్కడికి పోతుందో నాకు డాక్టరు చెప్పనక్కర్లేదు.

బస్సులో కూర్చుని వస్తూ నాకు నేనే చెప్పుకున్నాను, పరుగే కదా, మనకు రానిదేముంది, మన బతుకు మొదలైందే పరుగుతో కదా అని. ఇది మా ఊరి మగ్గాల వీధుల్లో పెరిగిన నా ఈడువాళ్ళకు వెంటనే అర్థమవుతుంది, తక్కినవాళ్ళకు కాస్త చెప్పాలి. ఆ రోజుల్లో కోడి కూసే వేళకు మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా పడుగు పరుచుకుని ఉండేది. పడుగంటే మగ్గం మీద నిలువుగా పోసే నూలు. దాన్ని వీధి పొడవునా కర్రల మీద బిగించి, గంజి చల్లి, ఎండ ఎక్కకముందే కుంచెతో దువ్వాలి. ఆ కుంచె ఒంటిచేత్తో పట్టేది కాదు, పడుగుకు అడ్డంగా పట్టేంత పెద్దది. ఒక కొస అవతలి పక్కవాడు, ఒక కొస ఇవతలి పక్కవాడు పట్టుకుని, ఇద్దరూ ఒకే అడుగుతో ఆ చివరిదాకా లాక్కుపోవాలి, మళ్ళీ వెనక్కి రావాలి. ఒకడు ముందు, ఒకడు వెనక అయ్యారా, కుంచె వంకర తిరిగి దారాలు పుటుక్కున తెగుతాయి, ఇంట్లో తిట్లు మొదలవుతాయి. ఎండ చురుక్కుమనే కొద్దీ నడక కాస్తా పరుగయ్యేది. అవతలి కొస మా అన్నది, ఇవతలి కొస నాది.

వాన మబ్బు పట్టిందంటే ఇక చూడాలి. పొయ్యి మీద ఎసరు వదిలి ఆడవాళ్ళు, చేతిలో పలకలతో పిల్లలు, అరుగు మీద నుంచి లేవలేని ముసలివాళ్ళు సైతం వీధిలోకి ఉరికి, ఎవరి పడుగు ఎవరిదని చూడకుండా చుట్టిపెట్టేవాళ్ళు. పని అయినాక మా అమ్మ బొరుగుల ఉగ్గాని పెద్ద తట్టలో పోసి మధ్యలో పెట్టేది, అందులో మిరపకాయ బజ్జీ ఎవరికి ఎక్కువ వచ్చిందనే తగువులో మేమిద్దరం మళ్ళీ పరుగే. ఆరోగ్యం కోసం పరిగెత్తేవాడు ఒకడుంటాడని ఆనాడు ఎవరైనా చెప్పి ఉంటే, వాణ్ణి చూడటానికి పిడకలతో కొట్టుకునే కైరుప్పల పండగకు పోయినట్టు బండ్లు కట్టుకుని వెళ్ళి ఉండేవాళ్ళం.

అలాంటి నేను బూట్లు కొనుక్కుని తెల్లారకుండానే బయలుదేరితే, వాకిట్లో ముగ్గు వేస్తున్న నా భార్య చేతిలో ముగ్గు చేతిలోనే ఉంచుకుని, "యాడికి పెండ్లికొడుకా? ఈ తూరైనా మంచి సంబంధం సూసుకో" అంది. ఆమె నోరు నాదగ్గరే పదునెక్కింది, ఎవరిని తప్పుపట్టేది.

బడి మైదానానికి వెళ్ళాను. నేను పారిపోయి వచ్చిన బడే. అక్కడికి వెళ్ళి చూద్దును గదా, నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. ఎవరూ తరమకుండానే ఇంతమంది పరిగెత్తుతున్నారు! కుక్క లేదు, బస్సు తప్పిపోవడం లేదు, వాన మబ్బు లేదు. చెవుల్లో తీగలు పెట్టుకుని, ఎవరి మొహం ఎవరూ చూడకుండా, గానుగెద్దుల్లా మైదానం చుట్టూ ఒకే దిక్కుకు తిరుగుతున్నారు. నేనూ చెంగున బయలుదేరాను. పదడుగులు వేశానో లేదో గుండె గొంతులోకి వచ్చింది. వీధిలో నన్ను మించినవాడు లేడనుకున్న కాళ్ళు, నీళ్ళలో నానిన నూలుకండెల్లా బరువెక్కాయి. ఆ మొదటిరోజు నాకు కలిగిన అదురు చెప్పనలవి కాదు. దొంగలు పడి ఇల్లంతా దోచుకుపోయినా, ఏళ్ళ తరబడి ఆ సంగతి తెలియకుండా తాళం వేసుకు తిరిగినవాడి పరిస్థితి నాది.

అయినా మానలేదు. కాస్త నడక, కాస్త పరుగు, రోజూ వెళ్ళాను. పది పన్నెండు రోజులయ్యాక, పోలీసు ఉద్యోగానికి పరుగు సాధన చేసే అమ్మాయి ఒకతె నా ఎదురుగా వచ్చి ఢీకొనబోయి ఆగింది.

"తాతా, నిన్నొకటి అడుగుతా, ఏమనుకోవద్దు. రోజూ ఈ జెండా కట్ట కాడికి వస్తావు, ఎనక్కి తిరుగుతావు. అందరం ఒకదిక్కు పోతాంటే నువ్వొక్కడివే ఎదురొస్తాండావు. అట్లెందుకు?"

నేను వెనక్కి తిరిగి, వచ్చిన దారి చూసుకున్నాను. ఆమె చెప్పింది నిజం. గేటు దగ్గర మొదలుపెట్టి జెండా కట్ట వరకు వెళ్ళడం, కాళ్ళు వాటంతట అవే ఆగడం, మళ్ళీ వెనక్కి గేటు దాకా రావడం, ఇదే నేను చేస్తున్న పరుగు. అది నాకు తెలియను కూడా తెలియదు. మర్నాడు పట్టుబట్టి జెండా కట్ట దాటబోయాను. దాటలేకపోయాను. ఊపిరి ఉంది, కానీ కాళ్ళు కదలలేదు. వేలికి ఎరుక పోయిందని డాక్టరు చెప్పిననాడు ఎంత అదిరానో, ఈ కాళ్ళు నా మాట వినడం లేదని తెలిసిననాడూ అంత అదిరాను. ఇట్లా ముందుకు పోలేకుండా నిలబడితే ఆ వేలు పక్కనున్న వేలు గతేమిటి, పాదం గతేమిటి?

ఆ సాయంత్రం అన్న అరుగు మీద కూర్చుని, నవ్విద్దామనే ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "పరిగెత్తేటప్పుడు మైదానం నడుమకు సూస్తాంటావా?" అని అడిగాడు.

అవును. పోయేటప్పుడు ఎడమకు, వచ్చేటప్పుడు కుడికి, నా మెడ మైదానం వైపే తిరిగి ఉంటుంది. "నీకెట్ల తెలుసునా?" అన్నాను.

"ఆ పక్క ఉండేది నేనే గదరా" అన్నాడు.

కుంచె కొస వదిలి మేమిద్దరం ఎన్నేళ్ళయిందో. గేటు నుంచి జెండా కట్టకు సరిగ్గా మా పడుగంత దూరం, ఆ పొడవు కాళ్ళు మరచిపోలేదు, అవతలి పక్క మనిషిని మెడ మరచిపోలేదు. మరచిపోయింది నేనొక్కణ్ణే.

మర్నాడు నేను గేటు దగ్గరికి వెళ్ళేసరికి, కాలు పోయినాక తెల్లవారుజామున ఇల్లు కదలని మా అన్న తన మూడు చక్రాల బండి మీద అక్కడ ఉన్నాడు. తలకు తువ్వాలు, దాని మీద మంకీ టోపీ. చలి లేదు, ఏమీ లేదు, అయినా వేడుకకు పోతున్నట్టు తయారై వచ్చాడు. బండిని నాకు ఎడమ పక్క, మైదానం నడుమ వైపుకు తెచ్చుకుని, "పద" అన్నాడు. పడుగంత వెడల్పు వదిలి బయలుదేరాం.

"అడుగు సమంగా ఎయ్‌రా! కుంచె వంకర పోతాది!"

"యాడిదన్నా కుంచె?"

"నోరు మూసుకొని ఊపిరి పట్టు. నోట్లోంచే పోతాంది నీ బలమంతా, సిన్నప్పట్నించి!"

జెండా కట్ట వచ్చింది. నా కాళ్ళు ఆగబోయాయి. ఆయన ఆగలేదు. తల కూడా తిప్పకుండా, "నా బండికి ఎనక్కి పోయేది ల్యాదు. నువ్వు తిరుక్కుంటే నేనొక్కణ్ణే పోవాల, సూసుకో" అన్నాడు.

కొస ఒక్కడికే వదిలేస్తే ఏమవుతుందో నా ఒంటికి తెలుసు. కట్ట దాటేశాను. పడుగుకు మలుపు ఉండదు, మైదానానికి ఉంటుంది. ఆ మలుపులో నా అడుగు తడబడితే ఆయన బండిని తగ్గించాడు, నేను కుదురుకున్నాక పెంచాడు. మధ్యలో నడిచాను, మళ్ళీ పరిగెత్తాను, ఆయన అలాగే తగ్గుతూ పెరుగుతూ వచ్చాడు. ఒకసారి పక్కకు చూస్తే, ఆయనకున్న ఒక్క కాలి మడమ బండి పలక మీద టకటకా కొడుతోంది, నా అడుగుకు సరిగ్గా అడుగు. నా ఎడమ చెయ్యి చూసుకుంటే పిడికిలి బిగిసి ఉంది, దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు. గేటు దగ్గరికి తిరిగివచ్చేసరికి ఒక చుట్టు పూర్తయింది. ఆ పోలీసు అమ్మాయి ఆగి చప్పట్లు కొట్టింది. మా అన్న ఆమెతో, "దారమొక్కటీ తెగల్యామ్మా" అన్నాడు. ఆమెకు ఏం అర్థమైందో మరి, పెద్దగా నవ్వి వెళ్ళిపోయింది.

వానలు వెనకబట్టాక మళ్ళీ ఆదోని వెళ్ళాం, ఈసారి అన్న కూడా వస్తానన్నాడు. ఆయన వరండాలో కూర్చున్నాడు, నేను ఆ గుండెకాయ బొమ్మ కింద పడుకున్నాను. చిటికెన వేలు పలకలేదు, అది ఇక పలకదేమో అన్నారు. దాని పక్క వేలి మీద సూది పడింది. "అమ్మా!" అని నేను పెట్టిన కేకకు గోడ మీద గుండెకాయ కూడా ఉలిక్కిపడి ఉంటుంది. వరండాలోంచి మా అన్న గొంతు, "నొప్పి పుట్టిందా?" అని. "పుట్టిందన్నా! బాగా పుట్టింది!" అని నేను. ఇద్దరు ముసలివాళ్ళు నొప్పి పుట్టిందని ఇంత సంబరపడటం చూసి అక్కడున్నవాళ్ళందరూ బిత్తరపోయారు. అక్కడితో ఆగిందని డాక్టరుగారు చెప్పారు, చెబుతూ మొట్టమొదటిసారి నవ్వారు.

ఇప్పుడు మా వీధిలో సిమెంటు రోడ్డు ఉంది. పడుగు పరిస్తే తొక్కుకుపోవడానికి మోటారు సైకిళ్ళు ఉన్నాయి, పరవడానికే పడుగు లేదు. తెల్లవారుజామున లేచేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అప్పుడు ఒకరి అడుగు తప్పితే ఇంకొకరి దారం తెగేది కనుక, పరిగెత్తేవాడికి పక్కవాణ్ణి చూడక తప్పేది కాదు. ఇప్పుడు ఎవరి అడుగు వారిది, ఎవరి గుండె లెక్క వారి చేతి గడియారంలోది, పక్కన ఎవరు ఆగిపోయినా ఎవరికీ ఏమీ తెగదు. బాగుందో బాగాలేదో నేను చెప్పలేను, నా చదువు కిటికీ దగ్గరే ఆగిపోయింది.

చినుకులు పడిన రోజు మా అన్న బండి బయటికి రాదు. ఆ రోజుల్లో కూడా నేను వెళుతూనే ఉన్నాను, కట్ట దాటుతూనే ఉన్నాను. కాకపోతే అక్కడికి వచ్చేసరికి కాళ్ళు ఒక్క క్షణం ఆగుతాయి. మెడ మైదానం నడుమకు తిరుగుతుంది. అవతలి పక్క ఎవరూ ఉండరు. పిడికిలి బిగించుకుని, అడుగు సమంగా వేసుకుంటూ ముందుకు పోతాను.