నిమ్మకాయ తొక్కిన రోబో

బెంగళూరులో మడివాళ మార్కెట్ వెనక సందులో ఉన్న ఒక చిన్న స్కూల్లో నేను కంప్యూటర్ సారుగా పనిచేశాను. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తోంది కాబట్టి మా స్కూలు కూడా ఒక రోబో కిట్ కొంది. కొన్న రోజే దాన్ని హెడ్‌మిస్ట్రెస్ తన గదిలో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఆవిడ నడుముకు వేలాడేది.

ఆవిడ చెడ్డమనిషి కాదు, అదే నా ఖర్మ. చెడ్డమనిషైతే పోట్లాడి ఉద్యోగం మానేసేవాణ్ణి. ఆవిడకి యంత్రమంటే భక్తి. కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి రావాలి. క్లాసు అయిపోగానే ప్రతి మానిటర్‌కీ గుడ్డ కప్పాలి. పిల్లలు మాత్రం దేన్నీ ముట్టుకోకూడదు.

“చూపించప్పా, బాగా చూపించు. సుమ్నే, ఊరికే ముట్టనిచ్చి చెడగొట్టుకోవద్దు,” అనేవారు.

ఈత నేర్పమంటారు, ఒళ్లు తడవకూడదంటారు. ఇదెక్కడి చోద్యం! శనివారం ఆవిడ బీరువా తెరిచి రోబోని నా చేతిలో పెట్టేవారు. అది ఎంత దూరం పోవాలో, ఎటు తిరగాలో పిల్లలు బోర్డు మీద రాస్తే నేను కీబోర్డు మీద కొట్టేవాణ్ణి. మిగతా సమయమంతా వాళ్లు చేతులు కట్టుకుని నిలబడేవారు.

వాళ్లలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఉండేది. నేల మీద అతికించిన నల్ల గీత వెంట రోబో తనంతట తాను నడిచే ప్రోగ్రాము దాదాపు అంతా ఆ పిల్లే రాసింది. “ఒక్కసారి నేను ఇప్పి చూస్తా సార్,” అని ప్రతివారం అడిగేది. ప్రతివారం నేను వెళ్లి హెడ్‌మిస్ట్రెస్‌ని అడిగేవాణ్ణి. చివరికి ఆవిడ విసుగెత్తి, “వైట్‌ఫీల్డ్‌లో జరిగే స్కూళ్ల ఎగ్జిబిషన్‌లో బాగా నడిస్తే అప్పుడు చూద్దాంలే అప్పా,” అన్నారు. పెద్దవాళ్లు చూద్దామంటే ఏమిటో నాకు తెలుసు. ఆ పిల్లకి తెలియదు, ఆశ పెట్టేసుకుంది.

ఎగ్జిబిషన్‌కి ముందు ఆయుధపూజ వచ్చింది. బెంగళూరులో ఆ పూజకి కత్తిపీట నుంచి బస్సు దాకా అన్నిటికీ బొట్టు పెడతారు. బండ్ల చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. మా రోబోకి చక్రాలున్నాయి, ఇంకేం కావాలి! పిల్లలందరి ముందు దానికి బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, “నడుపప్పా,” అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

నడిపాను. రోబో బరువెంత, నిమ్మకాయ బలమెంత! అది కాయ మీదకి ఎక్కలేక మొరాయించింది.

“కాయ నలగలేదే! అపశకునం కదప్పా!” అంటూ, నేను వద్దనేలోపే ఆవిడ రెండు చేతులతో రోబోని పట్టుకుని గట్టిగా అదిమారు. నిమ్మకాయలు నలిగాయి. వాటితోపాటు లోపల పళ్లచక్రం ఒకటి టప్‌మని విరిగింది.

పిల్లల చేతులు తగిలితే చెడిపోతుందని ఇన్నాళ్లూ దాచి, చివరికి తన చేతులతోనే విరగ్గొట్టారు కదా! పైగా ఆవిడ ముఖం ఎంత చిన్నబోయిందంటే, తిట్టుకోవడానికి కూడా మనసు రాలేదు. దాంతో నాకు ఒళ్లు ఇంకా మండింది.

“చెడిపోయెనే. ఇంగ ఏమన్నా చేసుకోండప్పా,” అని ఆవిడ కుర్చీలో కూలబడ్డారు.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఆ పిల్ల రోబో ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. స్క్రూలు విప్పింది. నిమ్మరసం తుడిచింది. విరిగిన పళ్లచక్రం లాంటిది కిట్‌లో ఇంకోటి లేకపోతే వేరే సైజుది బిగించింది. ఇప్పుడు రెండు చక్రాలూ సమంగా తిరగడం లేదు. ఒకదాని వేగం తగ్గించాలని తనే కనిపెట్టి, మొదటిసారి తన చేత్తో కీబోర్డు మీద కొట్టింది. తప్పు కొట్టింది, దిద్దుకుంది, మళ్లీ కొట్టింది. ఈసారి చేతులు కట్టుకుని నిలబడింది నేను. చెప్పొద్దూ, నాకు ఎంత సంతోషంగా ఉందో!

వైట్‌ఫీల్డ్‌లో మా రోబో పెళ్లినడకలు నడుస్తూనే గీత తప్పకుండా చివరిదాకా వెళ్లింది. బహుమతి కూడా వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఆ పిల్ల రోబోని ఒళ్లో పెట్టుకుని, లోపల ఇంకా ఏమేం మార్చాలో బస్సు దిగేదాకా చెబుతూనే ఉంది.

సోమవారం నేను వెళ్లేసరికి రోబో బీరువాలో ఉంది. కొత్త దండ, కొత్త బొట్టు, పక్కన షీల్డు. పాత తాళం చాలదన్నట్టు ఇంకో తాళం.

“బాగా నడిస్తే పిల్లల్ని ముట్టనివ్వడం గురించి చూద్దామన్నారు కదా మేడం,” అన్నాను పళ్లు బిగించి.

“ప్రైజు వచ్చిన వస్తువప్పా! ఇప్పుడు ముట్టనిస్తే ఎట్ల? మొదలే ఒకసారి చెడిపోయి బాగైండాది.”

పిల్లలు గెలిచినందుకు తల బాదుకున్న సారుని నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఆ శనివారం బీరువా తెరవనే లేదు. అద్దం ఇవతల నుంచే పాఠం చెప్పమన్నారు. పిల్లలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆ అమ్మాయి బోర్డు దగ్గరకు రాలేదు. చాలాసేపు రోబో వంకే చూసి, మెల్లగా నా పక్కకి వచ్చింది.

“సార్, మళ్ళా ఆయుధపూజ ఎప్పుడొస్తాది?” అని అడిగింది.