బుగ్గలో వక్క, ఏట్లో జీపు

మా ఊరు పెన్నకు ఈ ఒడ్డున, ఆస్పత్రి ఆ ఒడ్డున. వంతెన అప్పటికి లేదు. వానాకాలంలో నాలుగు దినాలు నీళ్లు పారితే తక్కిన ఏడాదంతా ఇసుకే. ఆ ఇసుకలో ఎద్దుల బండి తోలడమంటే ఎద్దులకూ శిక్ష, మనిషికీ శిక్ష. నేను చదివింది పలకా బలపం వరకే గానీ బండి మాత్రం మీసాలు రాకముందే తోలాను. ఊళ్లో ఎవరికి ఏరు దాటే పని పడినా మా నాయన నన్నే పంపేవాడు.

మా అక్క మొదటి కానుపుకు పుట్టింటికి వచ్చినప్పుడు కూడా బండి తోలింది నేనే. తెల్లారి నొప్పులు మొదలైతే, ఏట్లోకి దిగేసరికి ఎండ ఎక్కింది. సరిగ్గా నడి ఏట్లో చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. ఎద్దులు మోకాళ్ల మీద కూలబడ్డాయి. నేను ఒడ్డుకు పరుగెత్తి మనుషులను పిలుచుకొచ్చేలోపల బిడ్డ బండిలోనే పుట్టింది. ఏడవలేదు. ఇంక ఆస్పత్రితో పని లేదని అమ్మ అంటే బండిని వెనక్కి తిప్పాం. ఆ సంగతి ఇంట్లో ఎవరూ మళ్లీ ఎత్తలేదు. అక్కా ఎత్తలేదు.

ఆ తర్వాత అక్క మళ్లీ కడుపుతో వచ్చింది. ముందే తీసుకుపోయి ఆ ఒడ్డున ఎవరింట్లోనైనా పెట్టి ఉండొచ్చు కదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. మా పక్క కడుపుతో ఉన్న ఆడమనిషి ఏరు దాటకూడదు. నీళ్లుండనీ, ఇసుక ఉండనీ, ఏరు ఏరే. నొప్పులు మొదలైతే ఆ పట్టింపు పోతుంది. అందుకని నొప్పులు వచ్చేదాకా ఈ ఒడ్డున కూర్చోవాలి, వచ్చినాక ఆ ఒడ్డుకు పరుగెత్తాలి. ఇది మా అమ్మ మాట, వాళ్లమ్మ మాట కూడా. దాన్ని కాదనే మనిషి మా ఇంట్లో లేడు.

ఆ ఏడు మా చిన్నాయన మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత జీపు ఒకటి కొనుక్కొచ్చాడు. ఆయనకు దాంట్లో కూర్చోవడం తప్ప తోలడం రాదు. తోలడానికి పట్నం నుంచి ఒక సాయిబును పెట్టుకున్నాడు. మిలిటరీలో పని చేసి, ఎడారి దేశాల్లో లారీలు తోలి వచ్చిన మనిషి. ఊరంతా ఆయన్ను మామా అనే పిలిచేది, నేనూ అంతే. ఆ మామకు ఎర్రగుంట్లలో నాపరాళ్ల లారీ మీద పని దొరికింది. రేపు తెల్లారి పోతాడనగా మా నాయనకు తెలిసింది. పోయి, మా వాడికి జీపు తోలేది నేర్పించి పొమ్మని అడిగాడు. చిన్నాయన సరేనన్నాడు. మామ మాత్రం చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఒక దినంలో తోలేది యాడ వస్తాది పెద్దాయనా. ఏరు దాటేది ఒకటి నేర్పిస్తా. ఇంగేం అడగొద్దు" అన్నాడు.

సద్ది తిని, ఎండ ముదరకముందే నన్ను మా కల్లానికి తీసుకుపోయాడు. నూర్పులు అయిపోయి కల్లం ఖాళీగా ఉంది, నేల పేడతో అలికి గట్టిగా ఉంది. క్లచ్చి ఇది, బ్రేకు ఇది, పాదం మోపితే పరుగెత్తేది ఇది అని చూపించాడు. గేరు పుల్ల కాక పక్కన ఇంకో రెండు పొట్టి పుల్లలున్నాయి. ఒకటి లాగితే ముందు చక్రాలు కూడా గుంజుతాయట, ఇంకోటి లాగితే జీపు నిదానమై బలం ఎక్కువవుతుందట. అవి ఇప్పుడు ముట్టుకోవద్దు, ఏట్లో పని అన్నాడు.

కల్లం చుట్టూ తిరిగాను. గూటానికి కట్టిన ఎద్దు తిరిగినట్టు తిరగడమే కాబట్టి మొదట బాగానే ఉంది. గోడ మీద కూర్చున్న ముసలాయన ఒకడు, ఎద్దులను యాడ కట్టేసొచ్చినావప్పా అని అడిగాడు. నేను నవ్వుతూ అటు చూశాను. ఇటు తిరిగేసరికి ఎదురుగా గడ్డివామి. బ్రేకు సంగతి బుద్ధికి రాలేదు. రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, పాదాలు రెండూ ఎదుటి రేకుకు తన్నిపెట్టి, వెనక్కి వాలి రొమ్ముకేసి గుంజాను. నోటితో హో హో అన్నాను. జీపు నేరుగా పోయి వామిలో ముక్కు పెట్టి ఆగింది. నా నెత్తి మీద గడ్డి పడింది.

మామ కోపం చేసుకోలేదు. నా నెత్తి మీది గడ్డి పరక తీసి పళ్లలో పెట్టుకున్నాడు. "ఏమల్లుడా, పగ్గమనుకుంటివా? ఎంత గుంజినా దానికి ముక్కు ల్యా, నొప్పి ల్యా."

గోడ మీది ముసలాయన ఆ మాటను సాయంత్రానికి ఊరంతా తిప్పాడు.

పొద్దు నెత్తికి రాకముందే ఏట్లోకి దిగాం. ఒడ్డు మీదనే మామ నాలుగు చక్రాల గాలి తీశాడు. బుస్సుమని పోతుంటే మా నాయన పరుగెత్తుకొచ్చి, ఉన్న బలం కూడా పోగొడితే ఎట్లా అన్నాడు. ఎద్దు గిట్ట ఇసుకలో గుచ్చుకుంటుంది, ఒంటె పాదం పరుచుకుంటుంది, చక్రం ఒంటె పాదం కావాలని మామ చెప్పాడు. మా నాయన ఒంటెను చూసినవాడు కాదు, నేనూ కాదు. అయినా చక్రాలు అడుగున వెడల్పుగా, జొన్నరొట్టె తట్టినట్టు పరుచుకోవడం మాత్రం మా కళ్లకు కనబడింది. ఒడ్డెక్కినాక మళ్లీ పంపుతో గాలి కొట్టుకోవాలని, ఆ పంపు సీటు కింద ఉంటుందని చెప్పాడు. పొట్టి పుల్లలు రెండూ లాగించాడు.

ఇసుకలో చెయ్యాల్సింది ఏమీ లేదు, చెయ్యకూడనివే అన్నీ అన్నాడు. బ్రేకు తొక్కకూడదు. స్టీరింగుతో కొట్లాడకూడదు, దాని దారి అది వెతుక్కుంటుంది, వేళ్లతో ఆనుకుని ఉండాలి అంతే. పాదం ఒక్క తీరుగా ఉంచాలి. అన్నిటికన్నా ఆఖరి మాట గట్టిది.

మొదటి రెండు మాటలు నాకు కష్టం కాలేదు. ఇసుకలో ఎద్దులకు కూడా పగ్గం వదులుగా ఇస్తాం. పాదం మాత్రం నా మాట వినలేదు. కొంచెం దూరం పోయేసరికి ఇసుక మెత్తనయ్యింది, జీపు బరువుగా మూలిగింది. ఎద్దులు మూలిగితే ఏం చేస్తామో నా ఒళ్లు అదే చేసింది. హెయ్ అని అదిలించాను, కుడికాలి బొటనవేలితో పొడిచాను. బండి మీద కూర్చున్నవాడు ఎద్దు తోక కింద అట్లా పొడుస్తాడు, అది అడుగు ముందుకేస్తుంది. ఇక్కడ బొటనవేలి కింద ఉన్నది ఎక్స్‌లేటరు. ఇంజను అరిచింది, చక్రాలు గిర్రున తిరిగి గుంత తవ్వుకుని కూర్చున్నాయి.

దిగి పారతో ఇసుక తోడాం. జమ్ము చాపలు చక్రాల కింద వేసి లేపాం. మళ్లీ ఎక్కాను, మళ్లీ హెయ్ అన్నాను, మళ్లీ దిగబడింది. అట్లా ఎన్నిసార్లు తోడామో మా నడుములకు తెలుసు. పాదం కదిలించకూడదని మనసులో అనుకుంటూనే ఉన్నాను. నోరు అదిలించగానే పాదం దానంతట అదే పొడిచేది.

చెనిక్కాయల ఊరిబిండితో రొట్టె తింటూ మామ నన్నే చూస్తూ ఉన్నాడు. తిన్నాక ఆకువక్కల సంచి విప్పి ఒక నిండు వక్క తీశాడు.

"తప్పు కాలిది గాదు అల్లుడా, నోటిది. నోరు పలికితే కాలు పొడుస్తాది. ఇది బుగ్గలో పెట్టుకో. నమలొద్దు. మింగితే సస్తావు. జీపు దిగిందాంక నోరు తెరిసేదే ల్యా."

పెట్టుకున్నాను. నోట్లో ఒగరు ఊరింది. మెత్తని ఇసుక వచ్చింది, జీపు మూలిగింది, గొంతులో మాట కదిలింది గానీ నాలుక వక్కను కాచుకుంటూ ఉంది. కాలు పొడవలేదు. జీపు మూలుగుతూనే, నిదానంగా, నిండు చూలాలు నడిచినట్టు ఇసుక దాటింది. ఆ ఒడ్డు తాకి తిరిగి వచ్చాం. మళ్లీ పోయి వచ్చాం. మామ బీడీ ముట్టించుకున్నాడు. ఆయన మెచ్చుకోవడం అంతే.

ఎండ వాలుతుండగా అక్క ఏటి ఒడ్డుకు వచ్చింది. వెనకనే అమ్మ, వద్దు వద్దని అరుస్తూ. నెలలు నిండుతున్న మనిషి ఏట్లోకి దిగేదేందని అమ్మ, ఎక్కబోయే బండిని నేను చూసుకోవద్దా అని అక్క.

"ఏరు దాటితే గదా తప్పు. నడి ఏటికి పోయి తిరుక్కోనొస్తా. దాటినట్టు గాదు" అంది అక్క.

అమ్మ వచ్చి చెయ్యి పట్టుకునేలోపల అక్క జీపెక్కి కూర్చుంది. మామ దిగిపోయాడు. నేను కూర్చున్న సీటు పక్కన నిలబడి, నోట్లో వక్క ఉందా అని మాత్రం చూశాడు.

నడి ఏటి దాకా బాగానే పోయాం. వెనక నుంచి అక్క నా భుజం తట్టింది.

"ఈడ ఆపు."

ఇసుకలో ఆపకూడదు, ఆపితే మళ్లీ కదలడం కష్టం. నోరు తెరిచి చెప్పడానికి లేదు, తల అడ్డంగా ఊపాను. అక్క మళ్లీ తట్టింది. ఆ చోటు ఏదో నాకూ తెలుసు. బ్రేకు తొక్కకుండా పాదం తీసేసి గేరు తప్పించాను, జీపు దానంతట అదే ఆగింది.

అక్క అటూ ఇటూ చూసింది. ఇసుక తప్ప అక్కడ ఏమీ లేదు. ఒక వాన నీళ్లు పారి బండి జాడ కూడా మిగల్లేదు. కొంగు తల మీదికి లాక్కుంది. ఒడ్డున అమ్మ చేతులు ఊపుతూ ఉంది. అక్క ఆ చోటునే చూస్తూ కూర్చుంది.

"ఇంగ కదిలించు. దిగబడకుండా కదిలిస్తేనే నేను దీంట్లో ఎక్కేది. లేకుంటే ఇంట్లోనే కంటా. ఏదైతే అదవుతాది" అంది.

క్లచ్చి తొక్కి గేరు వేశాను. పాదం మోపాను. ముందు చక్రాల కింద ఇసుక కొంచెం జారింది. గొంతు దాకా వచ్చిన మాటను వక్కతో అదిమిపెట్టాను. జీపు ఒకసారి వెనక్కి ఊగి, ఇసుకను నొక్కుకుంటూ కదిలింది. పెద్ద చుట్టు తిప్పి ఒడ్డుకు తెచ్చాను. అక్క దిగి, చీర దులుపుకుని, అమ్మతో బండి కంటే కుదుపు తక్కువే అంది.

మామ తెల్లారి ఎర్రగుంట్లకు పోయాడు. పోతూ నాలుగు వక్కలు నా చేతిలో పెట్టాడు.

అక్కకు నొప్పులు మిట్టమధ్యాహ్నం మొదలయ్యాయి. చక్రాల గాలి తీశాను, పొట్టి పుల్లలు లాగాను, వక్క పెట్టుకున్నాను. వెనక అమ్మ ఒళ్లో అక్క తల. నడి ఏట్లో మెత్తని ఇసుక తగిలి జీపు మూలిగింది. మా అక్క కూడా రైతు బిడ్డే, బండి మూలుగు దానికి తెలియనిది కాదు. నొప్పిలోనే తల ఎత్తి, హెయ్, హెయ్ అని గట్టిగా అదిలించింది. మొదటి దెబ్బకు నా బొటనవేలు అదిరింది. పాదం మాత్రం ఉన్నచోటనే ఉంది. అక్క ఏరు పొడుగునా అదిలిస్తూనే వచ్చింది, జీపు తన నడక తాను నడిచింది.

ఆస్పత్రి వాకిట్లో నర్సమ్మ ఎదురొచ్చి, ఎవరు, ఏ ఊరు, నొప్పులు ఎప్పటి నుంచి అని నన్ను అడిగింది. నేను గుడ్లప్పగించి నిలబడ్డాను. మళ్లీ అడిగింది. మూగవాడేమో పాపం అనుకుని అమ్మ వైపు తిరిగింది. అక్కే వెనక సీట్లో నుంచి ఊరి పేరు, మా నాయన పేరు చెప్పి, నొప్పి మధ్యలో ఊపిరి తీసుకుంటూ, "ఒరే, దిగితివి గదా, ఇంగ ఊసెయ్" అంది.

పొద్దు గుంకక ముందే ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వాకిలి దాకా వినబడింది. నేను చక్రాలకు గాలి కొడుతూ ఉన్నాను.