ఏడు నీళ్ళ పెదనాయన

పెదనాయన పోయాడని ఆయన కొడుకు, మా అన్న ఫోన్ చేసినప్పుడు నేను గిద్దలూరు బడిలో ఆరో తరగతి పిల్లలకు కూజా బొమ్మ వేయిస్తున్నాను. "నాయన పొద్దున పోయినాడమ్మా," అన్నాడు. తర్వాత మెల్లగా, "నీకాడ నాయన ఫోటో ఏమన్నా ఉందా? ఇంట్లో ఒక్కటి గూడా ల్యా," అన్నాడు.

మార్కాపురంలో నలభై ఏళ్ళు స్టూడియో నడిపిన మనిషి. తర్లుపాడు నుంచి అర్ధవీడు దాకా ఏ ఇంట్లోకి పోయినా గోడమీద ఆయన తీసిన ఫోటో ఒకటి ఉంటుంది. ఆయనకు మాత్రం ఆధార్ కార్డే దిక్కయింది. నేను వెళ్ళేసరికి దాన్నే పెద్దది చేసి, వెనక నీలాకాశం, రెండు పావురాలు పెట్టి వాకిట్లో ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫ్లెక్సీలో ఉన్నాయన ఎవరో నాకు తెలియదు.

ఆయన మా నాయనకు అన్న. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, ఇంట్లో బొమ్మలు గీసుకుంటూ కూర్చున్న నన్ను "నీ చెయ్యి బాగుంది, చీకటి గదిలోకి రా పాపా" అని పిలిచాడు. మూడేళ్ళు ఆయన దగ్గర పనిచేశాను. స్టూడియో వెనక మెట్ల కింద ఇరుకు గది, ఎర్ర బల్బు, నెగటివ్‌ను పేపరు మీదికి పెద్దది చేసే ఎన్‌లార్జర్, మూడు ట్రేలు. ఎండాకాలం మందు వేడెక్కకుండా ట్రేల కింద తడి ఇసుక పోసేవాడు. పేపరు మీద వెలుగు ఎన్ని సెకన్లు పడాలో గడియారం చూసేవాడు కాదు. చర్చిలో పాడే పాట ఒకటి సన్నగా అందుకునేవాడు, పల్లవి ఒకసారి అయితే ఎనిమిది సెకన్లు. అనుమానమొచ్చి గడియారం పెట్టి చూశాను. ఎనిమిదే.

చివర కడగడం. బొమ్మ చెరిగిపోకుండా నిలిపే హైపో మందు వాసన పోయేదాకా ప్రతి ఫోటోకూ ఏడు బక్కెట్ల నీళ్ళు మార్చాలి. ట్యాంకరు కోసం వీధంతా బిందెలు పట్టుకొని నిలబడే రోజుల్లోనూ ఏడే. "వాసన మిగిలిందంటే కొన్నేండ్లకు ఫోటో పసుప్పచ్చగా తిరుగుతాది పాపా. అప్పటికి మళ్ళా తీసుకునేదానికి మనిషి ఉండొద్దా?" అనేవాడు. "ఫోటోలకు పోతాదంట వాసన, ఈయన చేతులకు మాత్రం పోదు," అని పెద్దమ్మ దెప్పుతూ అన్నం పెట్టేది.

ఆయన పద్ధతులంటే నాకు ఒళ్ళు మంట. నేను బొమ్మలేసేదాన్ని, నాకు నచ్చినచోట నలుపు, నచ్చినచోట వెలుగు కావాలి. ఆయన మాత్రం ముఖం నల్లగా పడుతుందనుకున్నచోట, సైకిల్ స్పోక్‌కు గుచ్చిన చిన్న అట్టముక్కను ఎన్‌లార్జర్ వెలుగుకు అడ్డం పట్టి తేట చేసేవాడు; వెలుగు తక్కువ పడినచోట పేపరు తెల్లగా మిగులుతుంది. "చెయ్యి ఆడతా ఉండాల. ఆగిందా, ఈడ ఎవరో చెయ్యి పెట్టినారని తెలిసిపోతాది."

"తెలిస్తే ఏంది పెదనాయనా? పెట్టింది మనమే గదా," అనేదాన్ని.

"ఆళ్ళు మనల్ని చూసేదానికి తీయించుకుంటారా?"

మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో, సమాధికి తీసుకుపోయే ముందు పెట్టె చుట్టూ ఇంటివాళ్ళంతా నిలబడి ఫోటో తీయించుకుంటారు. ఒకసారి తర్లుపాడు దగ్గర పల్లెలో ఒక ముసలామె చనిపోతే పెదనాయన పోయి తీసుకొచ్చాడు. ప్రింటు నన్ను వేయమన్నాడు. నేను ఆమె ముఖమూ, తెల్ల దుప్పటీ మాత్రమే వెలిగేలా, చుట్టూ ఉన్న పదకొండు మందినీ చీకట్లోకి తోసేసి వేశాను. ఇప్పటికీ చెబుతాను, ఫోటో గొప్పగా వచ్చింది.

పెద్దకొడుకు వచ్చి దాన్ని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూశాడు. "మా తమ్ముడు యాడమ్మా?" అన్నాడు. చూపించాను. నల్లటి మరకలో ఇంకో నల్లటి మరక. "ఆడు బెంగళూరులో బేల్దారి పనికి పోయినాడమ్మా. రెండు బస్సులు మారి, పెట్టె మూసే టయానికి వచ్చినాడు. దీంట్లో ఆడు కనపడకపోతే అమ్మ సావుకు రాలేదంటారు."

పెదనాయన ఆయన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, నన్ను తీసుకొని లోపలికి పోయాడు. పాట అందుకున్నాడు. స్పోక్ ఒక్కో ముఖం మీద ఆడుతూ పోయింది, పదకొండు ముఖాల మీదా. ట్రేలో ఆ తమ్ముడు తేలినప్పుడు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు కూడా తెలిశాయి. ఎవరి చెయ్యీ పడినట్టు లేదు.

పెద్దకొడుకు వెళ్ళిపోయాక పెదనాయన నేను వేసిన ఫోటోను వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. "బాగుంది పాపా," అన్నాడు. "కాని చచ్చిపోయింది నీ అమ్మ కాదు."

ఇన్నేళ్ళూ ఆ రెండో మాటే పట్టుకొని ఉడుక్కున్నాను. మొదటి మాట కూడా అన్నాడని ఆయన పోయాకనే గుర్తొచ్చింది. ఇప్పుడు మళ్ళీ వినాలని ఉంది. ఎవరు అంటారు?

ఆయన ఫోటో నా దగ్గర ఒకటుంది, నెగటివ్. ఒక రీలు చివర మిగిలితే, చీకటి గదిలోంచి ఎండలోకి వస్తున్న ఆయన్ను గబుక్కున తీశాను. వద్దు వద్దంటూ నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టాడు. సగం ముఖం, ఊగిపోయిన చెయ్యి. "చెయ్యి అడ్డమొచ్చింది, పారెయ్," అన్నాడు. పారేయలేదు. నాకు డ్రాయింగ్ టీచరు ఉద్యోగం రావడం, రంగుల ల్యాబులు వచ్చి ఆయన గది మూతపడడం కొద్ది నెలల తేడాలో జరిగిపోయాయి.

నెగటివ్ చూపిస్తే అన్న, "ఇప్పుడు యాప్‌లో చెయ్యి తీసేస్తారంట గదమ్మా," అన్నాడు. తీసేస్తే దాని వెనక ముఖం ఫోనే పుట్టించాలి. అది నాకు వద్దు. హైదరాబాదు నుంచి పేపరూ మందులూ తెప్పించాను. సమాధి అయ్యాక ఇంట్లో జరిపే ఆదరణ కూడిక రోజు పొద్దున్నే, అటక మీది ఎన్‌లార్జర్ దించి, పెదనాయన వాళ్ళ స్నానాల గది కిటికీకి దుప్పటి కట్టాను. ఆయన పాటే పాడుకున్నాను. ఆయన ముఖం మీద స్పోక్ ఆడించాను, ఎక్కడా ఆపలేదు. మందులో ముందు ఆ చెయ్యి తేలింది, వెనకే నవ్వు.

మూడో బక్కెట్‌కే కుళాయి ఆగిపోయింది. వాకిట్లో కుర్చీలు నిండుతున్నాయి. తడి తుడిచి తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టాను. ఆమెకు కళ్ళలో శుక్లాలు. ఫోటో ముఖానికి దగ్గరగా తీసుకుంటే చూడడానికనుకున్నాను. వాసన చూసింది.

"ఈయనే," అంది.

"ఇంకా నాలుగు నీళ్ళు కడగాల పెద్దమ్మా. పసుప్పచ్చగా తిరుగుతాది. ఇట్లియ్యి."

"తిరగనీలే. అందాక నేనుంటానా?" అంది. ఇవ్వలేదు.

పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు, అందరమూ కళ్ళు మూసుకున్నాం. నేను మధ్యలో తెరిచి చూశాను. ఫ్లెక్సీ కింద ప్లాస్టిక్ కుర్చీలో, పెద్దమ్మ ఆ ఫోటోను ముక్కుకు ఆనించుకొని అట్లాగే కూర్చొని ఉంది.