గుండ్రం కోయని బల్ల

ఆ రోజుల్లో నాకు వీడియోల మీద ఉన్న భక్తి దేవుడి మీద కూడా ఉండేది కాదు. ఎక్కడో చల్లటి గదిలో తెల్లచొక్కా మనిషి కంప్యూటర్ మీట నొక్కితే చాలు, బల్ల మీద పరిచిన ఇనుప రేకుపై నిప్పులు కక్కే టార్చి తనంతట తానే పరుగెత్తి నెమలినో, పూలతీగనో, ఇంటి పేరునో కోసి పెట్టేది. అది చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం మానేసింది. డిప్లొమా పూర్తిచేసి, బాన్సువాడలో మా నాన్న వెల్డింగ్ షెడ్డులో రాడ్లు అందిస్తూ (నా లెక్కలో పర్యవేక్షిస్తూ) గడుపుతున్న కాలమది. గేటుకు డిజైను కావాల్సినవాళ్ళంతా నిజామాబాద్ పోయి మిషను మీద కోయించుకొస్తుంటే, మాకు విరిగిన మంచం కాళ్ళు అతికించే పనే మిగిలింది. అలాంటి బల్ల మనమే తయారు చేసుకుందామని ఒక పొద్దున ధైర్యం చేసి అన్నాను. నాన్న నన్నూ, మంచం కాలునూ మార్చి మార్చి చూశాడు. "దసరా దాంక జూస్తరా. గప్పటికి నీ మిషను మీద ఒక్క గేటు పని గాకపోతె షెడ్డు సెల్‌ఫోన్ల దుకాణమాయనకు కిరాయికిస్త. నువ్వు రైసుమిల్లుల గుమాస్తగ చేరు" అన్నాడు. నాకు ధాన్యం దుమ్ము పడదు. షెడ్డు పోతే నాన్న ఏం చేస్తాడో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

బల్ల కట్టడం కష్టం కాలేదు, ఇనుము మా ఇంటి విద్యే. కంప్యూటరూ మోటార్లూ ఎలాగో కుదిరాయి. అసలు చిక్కంతా మోటారు గిర్రున తిరగడాన్ని టార్చి ముందుకూ వెనక్కూ నడవడంగా మార్చేది ఏది అన్న దగ్గర వచ్చింది. బెల్టు పెట్టాలా, చైను పెట్టాలా, మర రాడ్డు పెట్టాలా, పళ్ళపట్టీ పెట్టాలా? ఇది మామూలుగా ఇంజనీర్లు తేల్చుకునే విషయం. మా ఇంట్లో మాత్రం పెళ్ళి సంబంధంలాగా తలా ఒక మాట అన్నారు. చివరికి ఎవరి మాటా వినకుండా నేను బెల్టు తెచ్చాను. పళ్ళున్న రబ్బరు బెల్టు, నాజూకుగా, చప్పుడు లేకుండా నడిచింది. మొదటి పరీక్షగా ఒక గుండ్రం కోయమన్నాను. గుడ్డు కోసింది. అంత పొడవు బెల్టు లాగినప్పుడల్లా సాగుతుందని నాకు అప్పుడు తెలిసింది. బిగించి మళ్ళీ కోయమంటే ఈసారి నిప్పురవ్వలు బెల్టు మీదే పడ్డాయి. ఇంట్లోంచి అవ్వ (మా దగ్గర తల్లిని అవ్వ అంటాం) పరుగెత్తుకొచ్చి, "ఏం మాడవెట్టినవ్ బిడ్డా?" అని అడిగింది. నా జీవితాన్ని అవ్వా, అని చెప్పాలనిపించింది.

అప్పుడు రంగంలోకి మా బావ దిగాడు. అక్క భర్త, వరికోత మిషను డ్రైవరు. ఆయన ప్రపంచంలో చైను లేని యంత్రం లేదు. "రబ్బరేంది బామ్మర్ది, చైను ఎయ్యి. జుక్కల్ దాంక ఎకరాలకెకరాలు కోసిన నేను. నీ రేకెంత?" అని పాత కోత మిషను చైను ఒకటి భుజాన వేసుకొచ్చాడు. అది బల్ల పొడవునా బట్టలారేసే తీగలా వేలాడింది. టార్చి వెనక్కి తిరగాల్సి వచ్చినప్పుడల్లా ముందు చైను తన వదులంతా సర్దుకుని, ఆ తర్వాత గానీ కదిలేది కాదు. కోసిన ముక్కను బావ ఎత్తి వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. "గుండ్రమే గని, జరంత మూలలున్నయ్" అన్నాడు. మనసు నొప్పించడం ఆయనకు చేతకాదు.

మూడోది నాన్న సలహా. "కాలువ తూము షట్టరుకు మర రాడ్డే గద ఉండేది? ఎన్నడన్న జారిందా?" అన్నాడు. నిజమే, జారలేదు. కదలనూ లేదు. మోటారు ఎంత మొత్తుకున్నా టార్చి చీమలాగా నడిచింది. అది నిలబడిన చోటల్లా రేకు కరిగి ముద్దయింది. వేగం పెంచితే ఆ పొడుగు రాడ్డు మధ్యలో పిల్లలు ఆడే తాడాటలాగా ఊగడం మొదలెట్టింది. అవ్వ కొంగు నడుముకు దోపుకుని దూరం జరిగింది, మేమూ జరిగాం. అదే సమయానికి సెల్‌ఫోన్ల దుకాణమాయన టేపు పట్టుకుని షెడ్డు కొలతలు తీసుకోవడానికి వచ్చాడు. "గీ బల్ల ఎప్పుడు తీస్తరన్నా?" అని నన్నే అడిగాడు. నేను టేపు రెండో కొస పట్టుకున్నాను (మర్యాద కొద్దీ). ఆ రోజు నుంచి నాకు నిద్రలో కూడా గుండ్రాలు కనబడేవి, అన్నీ సొట్టవే. నాలాంటి దౌర్భాగ్యుడు ఈ తాలూకాలో లేడని తీర్మానించుకుని గడ్డం గీసుకోవడం కూడా మానేశాను.

ఉన్న ఒక్క ఆశ పళ్ళపట్టీ. ఇనుప పట్టీకి పొడవునా పళ్ళుంటాయి, మోటారుకు బిగించిన పళ్ళచక్రం వాటి మీద పాకుతూ పోతుంది. సాగదు, వేలాడదు, ఊగదు. బల్లకు రెండు పక్కలా రెండు పట్టీలు, టార్చిని మోసే దూలానికి అటొకటి ఇటొకటి చక్రాలు. హైదరాబాద్ నుంచి తెప్పించి బిగించేసరికి దసరా రేపనగా వచ్చింది. గుండ్రం కోయమన్నాను. బావ వంటింట్లోంచి అన్నం పళ్ళెం తెచ్చి దాని మీద బోర్లించాడు. అంచుకు అంచు కలిసింది. "అబ్బ! అచ్చం పళ్ళెమేరా!" అని నన్ను ఎత్తుకుని తిప్పాడు. నాన్న వెంటనే రుద్రూర్ దిక్కు ఒక ఊరి చర్చి పెద్దకు ఫోన్ చేశాడు. ఆ చర్చి గేటుకు సిలువ కోయాలి. "రేపే రండయ్యా, మీ ముందట్నే కోసిస్తం."

దసరా పొద్దున ఆ పెద్దాయన తెల్లపంచె కట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పూజ కాకుండా మీట ముట్టుకోవద్దన్నాడు నాన్న. అవ్వ మోటార్లకు బొట్లు పెట్టింది, కంప్యూటరుకు బంతిపూల దండ వేసింది. ఏటా మేం కొబ్బరికాయ దాగలి (ఇనుము పెట్టి సుత్తితో కొట్టే దిమ్మ) మీద కొడతాం. ఆ ఏడు దాగలి నిండా సుత్తులూ పూలూ పేర్చి ఉన్నాయి. నేను కళ్ళు గట్టిగా మూసుకుని మొక్కుకుంటుంటే టప్‌మని కాయ పగిలిన చప్పుడు వినిపించింది. ఎక్కడ కొట్టారో చూడలేదు. మీట నొక్కాను. టార్చి సిలువ నిలువును దారం పట్టి గీసినట్టు కోసింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అడ్డం దగ్గరికి వచ్చేసరికి ఒకవైపు 'టక్'మంది. ఆ వైపు చక్రం పన్ను తప్పింది, రెండో చక్రం తన దారిన తాను పోయింది, దూలం ఐమూలగా తిరిగింది. సిలువ చేతులు రెండూ ఒక పక్కకు వాలిపోయాయి.

వంగి చూశాను. పళ్ళ మధ్య కొబ్బరి చిప్ప పెంకు ఇరుక్కుని ఉంది, ఇంకా తెల్లటి కొబ్బరి అంటుకునే ఉంది. చేతికి దగ్గరగా ఉన్న గట్టి ఇనుము కదా అని నాన్న కాయను నా పళ్ళపట్టీ మీదే కొట్టాడు! నాన్న ఆ పెంకును నా చేతిలోంచి తీసుకుని, "తప్పు నాదయ్యా. ఇంకో రేకు మీద కోసిస్తడు" అన్నాడు.

చర్చి పెద్ద లేచి వచ్చి ఆ ముక్కను చాలాసేపు చూశాడు. "వద్దు" అన్నాడు. నేను ఆ ముక్కను వెనక్కి తీసుకోబోయాను. "నిలవెట్టిన సిలువ అన్ని చర్చిలకున్నది. ప్రభువు భుజం మీద మోసుకపోయేటప్పుడు గిట్లనే వాల్తది గద. గిదే ఇయ్యుండ్రి. కిటికీలకు సుత గిట్లనే చెయ్యుండ్రి" అన్నాడు.

నాన్న అక్కడికక్కడే సెల్‌ఫోన్ల దుకాణమాయనకు ఫోన్ చేసి షెడ్డు ఇవ్వడం లేదని చెప్పాడు. అందరూ కొబ్బరి ముక్కలు తింటున్నారు. నేను షెడ్డు మూలనున్న డ్రమ్ము వెనక కూర్చుని ఏడుస్తున్నాను. "షెడ్డు మిగిలె గదరా, ఇగ ఏడుపెందుకు?" అన్నాడు నాన్న. "దానికి సక్కగ కొయ్యస్తది నాయినా! గిప్పుడు ఎవరు నమ్ముతరు?" అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "నేను నమ్మిన తియ్" అన్నాడు. నాకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

ఆ తర్వాత చాలాకాలం రుద్రూర్ మీదుగా పోవాల్సి వస్తే ఆ చర్చి ముందు బండి వేగం పెంచేవాణ్ణి. మొన్న మాత్రం ఆపాను. గేటు తుప్పు పట్టలేదు, తలుపులు బాగానే తెరుచుకుంటున్నాయి. ఈ కాస్త వంకరకా డ్రమ్ము వెనక అంత ఏడుపు ఏడ్చానని నవ్వొచ్చింది. అయినా అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, తల కొంచెం పక్కకు వంచి చూశాను. అలా చూస్తే సిలువ చేతులు చక్కగానే ఉన్నాయి.