ప్లీడరు గారి కారుకు ఆవకాయ నూనె

పెళ్లిచూపుల్లో కాఫీ ఒలకబోసుకున్న మగవాళ్లుంటారు. నేనైతే ఏకంగా ప్లీడరు గారి కారునే గారెల మూకుడు చేసి, పిల్లనిచ్చేవాళ్ల గుమ్మంలో నిలబెట్టాను. నవ్వండి, పరవాలేదు. మా ఇంట్లో వినబడేలా మాత్రం నవ్వకండి.

యుద్ధం రోజులు. నరసరావుపేటలో ఆ ప్లీడరు గారికి నేను డ్రైవర్ని. వినుకొండలో సంబంధం చూడబోతున్నామంటే ఆయన కారిచ్చారు.

"ఆయిలు మార్చాలోయ్. కొట్లో దొరక్కపోతే ఉన్నదాంతోనే నెమ్మదిగా వెళ్లిరా," అన్నారు.

కొట్లో దొరకలేదు. ఇంజనులో ఉన్నది చూస్తే తారులా నల్లగా ఉంది. అంత మురికితో అత్తవారింటికి ఎలా వెళ్తాం చెప్పండి? మాది ఎడ్లబండ్ల ఇల్లు. ఆముదంలో గడ్డిమసి కలిపి ఇరుసుకు కందెన రాయడం పుట్టినప్పటినుంచీ చూస్తున్నవాణ్ణి. ఎడ్లబండికే ఆముదం వాడితే, ప్లీడరు గారి కారుకు ఇంకా మేలైనది పొయ్యాలి కదా! పాతదంతా దింపేశాను. ఆవకాయ కోసం అమ్మ గానుగాడించి జాడీలో దాచిన నువ్వుల నూనె మొత్తం పోశాను. బంగారంలా మెరిసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాను.

మొదటి ఊళ్లో అమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఎవరింట్లోనో గారెలేస్తున్నార్రా."

తర్వాతి ఊళ్లో, "ఈడ కూడా గారెలేనా? ఏం పండగరా ఇయ్యాల?"

ఊరు దాటి మెట్టచేలల్లో పడ్డాం. "ఒరేయ్, ఇక్కడ కొంపే లేదు కదరా! గారెలెవరేస్తున్నారు?" అని వెనక్కి తిరిగి చూసింది. కారు వెనక తెల్లటి పొగ.

"ఇది మన గానుగ నూనె వాసన! నా జాడీ ఏం చేశావురా?"

"ఇంజనుకు పోశానమ్మా."

"నీ ఇంజను తగలెయ్య! ఆవకాయ దేంతో పెట్టాల్రా?"

వినుకొండలో పిల్లలూ కుక్కలూ కారు వెంట పడ్డారు. పిల్ల తండ్రి అరుగు దిగి వచ్చాడు.

"ఏందయ్యా, వంటోళ్లను కూడా ఎంటబెట్టుకొచ్చారా?"

నేను నోరు తెరిచేలోపే ఇంజను ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. ఆయన మూత ఎత్తించి, ఆయిలు కొలిచే పుల్ల తీయించి వాసన చూశాడు.

"నువ్వుల నూనె! ఇది కారా, బాండీనా?"

అమ్మ సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. కారు పోయింది, ఇక కొలువు పోవడం ఖాయం. పిల్ల మొహమైనా చూడకుండానే సంబంధం కూడా పోయిందనుకున్నాను.

అప్పుడు తలుపు చాటునుంచి కిసుక్కున నవ్వు వినబడింది. ఆ వెనకే మాట.

"నాన్నా, కారుకు ఆవకాయ నూనె పోసినోడు రేపు నా తలకు కందెన రాస్తాడు. ఇక నూనె జోలికి రానని ఒట్టేస్తే చేసుకుంటా. చానా రోజులకు ఇంత నవ్వాను."

కారును నరసరావుపేటకు లాగడానికి మామగారు ఎడ్లను పూన్చారు. దాన్ని చూసి ప్లీడరు గారు, "మామిడి ముక్కలు కూడా కలిపి తేవాల్సిందోయ్," అని మాత్రం అన్నారు. కొలువు నిలిచింది.

కానీ అంతకుముందే, ఆ ఎడ్ల సాక్షిగా, ఆమె వింటుండగా చెయ్యెత్తి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ యంత్రానికీ, ఏ మూకుడికీ, చివరికి నా తలకైనా సరే నా చేత్తో నూనె తాకించను. మాట తప్పలేదు. నా తలకు ఇన్నేళ్లూ ఆవిడే రాసింది. ఇప్పుడు రాయడానికి జుట్టే లేదు గానీ, నూనె జాడీకి ఆవిడ వేసిన తాళం మాత్రం ఇంకా తియ్యలేదు.