రెండు పారలతో వచ్చిన మనిషి

గద్వాలలో మగ్గాలు చూసి రాయమని పత్రికవారు పంపితే రెండు రోజుల్లో ఆ పని ముగిసింది. ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా, వనపర్తి, నాగర్‌కర్నూలు కూడా చూసి పోదామనిపించింది. యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసు మీద నడుస్తున్నాయి. ఈ దారిన వెళ్ళేవారు ఆలస్యానికి సిద్ధపడి, చెంబెడు నీళ్ళు వెంట ఉంచుకోవడం మంచిది.

ఉదయం ఏడు దాటాక గద్వాలలో రైలెక్కాను. మూడో తరగతి పెట్టెలో నా ఎదుట ముప్పై ఏళ్ళ మనిషి కూర్చున్నాడు. పేరు ఎల్లయ్య. రాయచూరు దిక్కున కాలువ తవ్వే పనికి పోయి, నాగర్‌కర్నూలు దగ్గరి తన ఊరికి తిరిగి వెళుతున్నాడు. మోకాళ్ళ మధ్య రెండు పారలున్నాయి. ఒకదాని కర్రకు ఎర్రగుడ్డ పీలిక చుట్టి ఉంది. ఒక్క మనిషికి రెండెందుకని అడిగాను.

"గిది మా బామ్మర్ది సాయిలుది సారూ. ఆడు పని మీదనే ఉన్నడు. పార మొద్దువారింది, కొలిమిల కాల్పిస్తనని తెచ్చిన."

కృష్ణ వంతెన మీద బండి నెమ్మదించింది. పెట్టెలో అందరూ నదిని చూడటానికి కిటికీల వైపు వంగారు. అతను తల తిప్పలేదు.

తొమ్మిదికి ముందే వనపర్తి రోడ్డు స్టేషనులో దిగి, ఊళ్ళోకి బస్సెక్కాం. కోట చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, పన్నెండు గంటలకు హోటల్లో జొన్నరొట్టె, పుంటికూర పప్పు తిన్నాను. ఎల్లయ్య నా పక్కనే కూర్చున్నాడు. పారలు బయట పెట్టమని హోటలాయన కసిరి, ఎవరివని అడిగాడు. బావమరిదికి జ్వరమొచ్చి దవాఖానలో ఉన్నాడని ఎల్లయ్య ఈసారి చెప్పాడు. నేను వింటున్నానని తెలిసే చెప్పాడు. వార్తలు రాసేవాడికి మాట మారితే చెవికి తగులుతుంది. అయినా అడగలేదు. అతను రొట్టె సగమే తిన్నాడు.

ఒంటిగంటకు నాగర్‌కర్నూలు బస్సు బయలుదేరింది. ఊరు దాటి కొంత దూరం పోయాక ఎత్తు మీద ఆగిపోయింది. మగవాళ్ళం దిగి తోశాం, కదల్లేదు. డ్రైవరు వెనక ఉన్న బొగ్గు పొయ్యి మూత తీసి కెలుకుతూ, "ఇది బొగ్గు తినే ఎద్దు. నమిలేదాక జర ఆగాలె" అన్నాడు. అందరం ఒక బండరాయి నీడన కూర్చున్నాం.

కూతురి దగ్గరికి నాగర్‌కర్నూలు వెళుతున్న బాలమ్మ అనే ముసలామె, పారలు చూసి నేనడిగిందే అడిగింది. ఎల్లయ్య మూడో మాట చెప్పాడు. బావమరిది జ్వరంతో చనిపోయాడట. ఇంట్లో ఇంకా తెలియదు. అత్తకు ఒక్కడే కొడుకు. కొన్నాళ్ళు పని మీదే ఉన్నాడని చెప్పి, మెల్లగా ఎప్పుడో తెలియజేద్దామనుకుంటున్నాడు.

బాలమ్మ కాసేపు ఆకు నమిలింది. తర్వాత తన సంగతి చెప్పింది. ఊళ్ళో గత్తర, అంటే కలరా, వచ్చిన ఏడు ఆమె బాలింత. పొలం కాడ గుడిసెలో ఉన్న భర్త ఆ రోగంతోనే పోయాడు. పచ్చి ఒళ్ళని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"నా పాలికి పోసిన పెరుగు ఆయనకు పంపుతుంటి. మా అత్త తీస్కపోయి కుక్కకు పోస్తుండె. తొమ్మిదొద్దులు. ఊరందరికి తెలుసు బిడ్డా. నేనొక్కదాన్నే నవ్వుకుంట కూసున్న. ఆయన పోయింది ఓర్చుకున్న. ఆ పెరుగు ఇప్పటికీ ఓరుస్తలేను."

ఎల్లయ్య ఎర్రపీలిక పారను ఒళ్ళోకి తీసుకున్నాడు. మట్టిపనిలో గుంత నడుమ ఒక దిబ్బను ముట్టకుండా వదులుతారని, ఎంత లోతు తవ్వారో సాయంత్రం దాన్ని బట్టి కొలుస్తారని మాకు చెప్పాడు. సాయిలు పోయిన రోజు కొలత తగ్గేలా ఉంది. గట్టును కింద తొలిస్తే పై మన్ను దానంతట అదే కూలుతుంది, పని తొందరగా తెములుతుంది. ప్రమాదమని అందరికీ తెలుసు. అందరూ చేస్తారు.

"జొరం గిరం ఏం లేదవ్వా. నేనే తొలువుమన్న. ఒద్దు బావా అన్నడు. గంత భయమైతే గాజులేసుకొమ్మని నవ్విన."

డ్రైవరు పొయ్యి మూత చేతిలో పట్టుకొని అలాగే నిలబడ్డాడు. తప్పు నీది కాదని బాలమ్మ అనలేదు. అత్త పేరడిగింది. లింగమ్మ అన్నాడు.

"నేను గూడ వస్త. ఒక్కనివి వోతె తొవ్వల ఇంకో మాట పుడ్తది" అంది.

అయిదింటికి నాగర్‌కర్నూలు చేరాం. వాళ్ళిద్దరూ కాలిబాట పట్టారు. నేను ముసాఫిర్‌ఖానాలో దిగి, మరునాడంతా ఊరు చూశాను.

మూడోనాడు ఉదయం ఎనిమిదింటి బస్సుకు వస్తే బాలమ్మ అక్కడ నిలబడి ఉంది. బస్సులో ఎల్లయ్య, అతని పక్కన పల్చటి పెద్దావిడ. ఆమే లింగమ్మ. ఒకరోజంతా పడుకున్న చోటి నుంచి లేవలేదని, అల్లుణ్ణి గడపలోకి రానిచ్చింది గాని అతనితో ఒక్క మాటా ఆడలేదని, ఇవాళ తెల్లవారకముందే లేచి కొడుకును పూడ్చిన చోటు చూపించమన్నదని బాలమ్మ చెప్పింది.

నేను ఎక్కగానే లింగమ్మ జరిగి, నన్ను ఇద్దరి నడుమ కూర్చోబెట్టింది. ఎర్రపీలిక పార ఆమె చేతిలో ఉంది.

"ఆ దిబ్బ ఇంక ఉన్నదా అడుగు సారూ. నా కొడుకు ఎంత లోతు తవ్విండో చూస్త."

అడిగాను. "ఉన్నదని చెప్పు సారూ" అన్నాడు ఎల్లయ్య. మూరెడు దూరంలో ఉన్న మనుషులకు వనపర్తి దాకా నేనే మాటలు మోశాను. దారిలో ఎవరో పార సంగతి అడిగితే అతను మొత్తం చెప్పాడు. బండరాయి నీడన చెప్పిన మాటలే, గాజుల మాటతో సహా. లింగమ్మ వింటూ కూర్చుంది.

ఈ ప్రయాణంలో మగ్గాల గురించి చాలా కాగితాలు రాసుకున్నాను. పోయేటప్పుడు మజిలీకొక తీరుగా మారిన కథ, వచ్చేటప్పుడు ఒక్క తీరున నిలబడటం మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

వనపర్తి రోడ్డు స్టేషనులో నాకు పట్నం బండి, వాళ్ళకు గద్వాల బండి. గద్వాల బండే ముందు. అది దూరాన కనబడ్డాక లింగమ్మ నా వైపు చూడకుండా అడిగింది.

"ఆ పొద్దు ఏమన్న తిన్నడా ఎల్లయ్యా?"

"తిన్నడత్తా. రెండు రొట్టెలు. నాది గూడ సగమిచ్చిన."

"కారం?"

"ఏసుకున్నడు."

బండి ఆగింది. ఎల్లయ్య ముందెక్కి వంగాడు. లింగమ్మ మొదట పార అందించింది. తర్వాత చెయ్యి.