చెరకుతోటలో ఏనుగు, చదువరులు

ఆ రోజుల్లో గద్వాలలో మా ఇంటికి పత్రిక వచ్చేది చదవడానికి కాదు, మేం నేసిన చీరల మడతల్లో పెట్టడానికి. జరీకి జరీ ఒరుసుకుంటే నల్లబడుతుంది కనుక మధ్యన కాగితం ఉండాలి. కొత్త పత్రికైతే సిరా పట్టుకు అంటుతుంది. అందుకని మా నాయన ఊళ్లో ఒక వకీలు ఇంటి అటక మీది నుంచి వాళ్ల తాతల నాటి పత్రికల కట్ట తెచ్చాడు. (ఊరికే ఇచ్చారు. మా ఇంట్లో ఊరికే వచ్చినదానికి ఉన్న మర్యాద అల్లుడికి కూడా ఉండేది కాదు.) వాటిని మడతల్లో పెట్టే పని, నాలుగో తరగతితో బడి మాన్పించిన నాకు అప్పగించారు. పాలకు పిల్లిని కాపలా పెట్టినట్టయింది.

‘చదువరి’ అన్నది మా ఇంట్లో తిట్టు. పాలు పొంగినా, నూలు కండె చుట్టడం ఆలస్యమైనా, మా నాయన తల్లి, అంటే మా అవ్వ, “మా సదువరి ఏడవోయిందో సూడుర్రి” అనేది. ఆ పాత పత్రికల్లో మాత్రం అదే మాటకు ఎంత గౌరవమో. పత్రిక ఆలస్యమైతే ‘చదువరులు క్షమింతురు గాక’. అచ్చుతప్పు పడితే ‘చదువరులు దిద్దుకొందురు గాక’. ఎన్నో తరగతి అని ఎవరినీ అడిగేవారు కాదు, పత్రిక చేతబట్టిన ప్రతివాళ్లూ చదువరులే. అంతటి సంపాదకుడు నన్ను క్షమించమంటున్నాడని నడుము నిటారుగా పెట్టి కూర్చునేదాన్ని. క్షమించేదాన్ని కూడా.

ఒకనాడు అవ్వ కండెలు చుడుతుంటే ఒక వార్త పైకి చదివాను. పెళ్లి ఊరేగింపు నుంచి తప్పించుకున్న ఏనుగు చెరకుతోటలో దూరి, ఎవరు పిలిచినా రావడం లేదట. ‘తరువాతి సంగతి చదువరులు పై సంచికలో చూతురు గాక’ అని ఉంది. పై సంచిక కట్టలో లేదు. ఏనుగు అన్న అక్షరాలున్న కాగితాన్ని పొద్దున్నే పెళ్లిచీర మడతలో పెట్టిన గుర్తు. చీర మడత ఇద్దరు పెట్టవలసిన పని. అది చెదిరితే కట్టి విప్పిన చీర అని సావుకారు వెనక్కిస్తాడు, నాయన మగ్గం మీద పడ్డ కష్టమంతా మట్టిపాలు. తెలిసే విప్పాను. కాగితం దొరికింది. చీర ఒళ్లోంచి జారి కుప్పయింది. సరిగ్గా అప్పుడే వీధిలోంచి నాయన గొంతు, “సావుకారు వస్తుండు, చీర తీసి పెట్టుర్రి.”

అవ్వ చూసింది. నేను వీపు సిద్ధం చేసుకున్నాను. ఆమె తలుపు గడియ పెట్టి వచ్చి జారిన చీర కొంగు అందుకుంది.

“గట్టిగ గుంజి పట్టు. మరి సదువు.”

“ఏందవ్వా?”

“ఏనుగు దొరికిందా, లేదా? సదువుకుంట పట్టు.”

రెండు చేతుల్లోనూ చీర. కాగితం నేల మీద పరచి కాలితో అదిమాను. “సదువుల తల్లిని తొక్కుతవానే?” అని తన వక్కాకు సంచి తీసి బరువు పెట్టింది. మేం మడతలు వేస్తూ ఉంటే ఏనుగు తోటంతా మేస్తూ ఉంది. తోటవాడూ ఏనుగువాడూ తగవు పడుతున్నారు. చివరి మడత దగ్గరికి వచ్చేసరికి, ‘శేషము చదువరులు వచ్చు సంచికలో చూతురు గాక.’

“వాని సంచికల మన్నువడ,” అంది అవ్వ. “మల్ల గదే మాటనా?”

సావుకారు చీరను అటూ ఇటూ తిప్పి చూశాడు. “మడత మంచిగ కుదిరింది, ఎవలేసిండ్రు?” అన్నాడు. “మా సదువరి,” అంది అవ్వ, నవ్వకుండా.

ఆ తర్వాత ఆ మాట తిట్టుగా ఆమె నోట రాలేదు. ఏ పాత కట్ట ఇంటికొచ్చినా, “సదువరీ, జర ఏనుగు సంగతి సూడు” అనేది. ఏనుగు ఏమైందో తెలియకుండానే అవ్వ పోయింది పాపం.

ఇప్పుడు నా మనవరాలి ఫోనులో వార్తలు పొద్దస్తమానం వస్తాయి. గంట బొమ్మ నొక్కు, పదిమందికి పంపు అని హుకుములే తప్ప, క్షమించమని అడిగేవాడు లేడు. నేను మాత్రం పాత కాగితాలు తూకానికి వేసే ముందు ఒక్కొక్కటే తిప్పి చూస్తాను. “ఏం దేవులాడుతున్నవ్ అవ్వా, పైసలు గిట్ల దాచినవా?” అంటుంది మనవరాలు. ఏనుగు కోసమని చెబితే దవాఖానకు తీసుకుపోతుందని ఊరుకుంటాను.